కోత పండుగ దాకా కోయని గడ్డి

గడ్డిమోపును గుడిలో హర్రాజుకు పెట్టిన మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయన పేరు జయరాజ్. ఏటా ఆ మోపును పోటీ లేకుండా పాడుకుని, మళ్లీ అదే ఇంటికి మోసుకుపోయే మనిషినీ చూశాను. ఆవిడ జ్ఞానమ్మ, జయరాజ్ భార్య. మా ఇంటికి పాలు పోసేది. ఇప్పుడు పోయడం లేదు. ఎందుకు పోయడం లేదో చెప్పాలంటే గడ్డి సంగతి చెప్పాలి, గడ్డి సంగతి చెప్పాలంటే హర్రాజు సంగతి చెప్పాలి. నేను మొదలుపెడితే ఇంతే. బడిలో కూడా గంట కొట్టేదాకా ఆపేదాన్ని కాదు.

మా ఊరు బోధన్ నుంచి రుద్రూర్ పోయే తోవలో, కాలువ పక్కన. ఊరి చివర చిన్న మెథడిస్టు గుడి ఉంది. మా దిక్కున చర్చిని గుడి అనే అంటారు, పాస్టరును అయ్యగారు అంటారు. క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం అక్కడ కోత పండుగ చేస్తారు. ఎవరికి ఏది పండితే దాని మొదటి కోత తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. అది పెట్టేదాకా ఇంట్లో ఆ పంటను ముట్టుకోరు. వడ్లు, చెరుకు గడలు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, ఏదైనా సరే. ప్రార్థన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు, అంటే వేలం పాడిస్తారు, వచ్చిన పైసలు గుడికి. మా ఇంట్లో తులసికోటకు దీపం పెట్టుకునేవాళ్లమే అయినా ఆ హర్రాజుకు నేను ఏటా పోతాను. గుమ్మడికాయల కోసం. ఇన్నేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను గానీ, కాయ మీద తట్టి ముదురో లేతో చెప్పడం ఇప్పటికీ రాదు. దేవుడి ముందు పెట్టిన కాయలో మోసం ఉండదని నా ధైర్యం.

జయరాజ్ చక్కెర ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పనిచేసేవాడు. చెరుకు బండ్లను, లారీలను వరసలో నిలబెట్టడం ఆయన పని. వరస తప్పించి ముందుకు దూరిన బండిని వెనక్కు పంపించేటప్పుడు కూడా నవ్వుతూ పంపేవాడట, తిట్టాలని వచ్చినవాడికి తిట్టు గుర్తుకు రాకపోయేదట. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్లు అక్కడా ఇక్కడా కూలికి పోయాడు. తర్వాత ఒక బర్రెను కొన్నారు. దాని పేరు రాణి. కాలువ కింద వాళ్లకున్నది చిన్న మడి. వరి వేస్తే ఇంట్లో తిండికే సరిపోదు. పశువుల దవాఖానలో బర్సీం విత్తనం సంచి ఇస్తున్నారని తెలిసి, తెచ్చి చల్లాడు.

బర్సీం అంటే మూడేసి ఆకులతో గుత్తులుగా పెరిగే పచ్చగడ్డి. దసరా తర్వాత చల్లితే చలికాలమంతా కోసినకొద్దీ మళ్లీ చిగురిస్తుంది. బర్రెలకు ప్రాణం. రాణి ఆ గడ్డి తిని ఇచ్చిన పాలు చిక్కగా, ఒక రకమైన తియ్యటి వాసనతో ఉండేవి. మా ఇంట్లో టీ తాగినవాళ్లు చక్కెర ఎక్కువైందనేవాళ్లు. చక్కెర కాదు, అది జయరాజ్ గడ్డి.

ఆ మొదటి ఏడు కోత పండుగకు అందరూ వడ్లతో, కాయలతో వస్తుంటే జయరాజ్ నెత్తిమీద పచ్చగడ్డి మోపుతో వచ్చాడు. హర్రాజు పాడించేది ప్రభు. ఊళ్లో కరెంటు పని చేస్తాడు, గుడి పెద్దల్లో ఒకడు, మైకు అక్కర్లేని గొంతు. మోపును చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంది జయరాజన్నా, దేవునికి బర్రె ఉన్నదా?"

"బర్రె నాది, గడ్డి దేవునిది," అన్నాడు జయరాజ్ మొహం చిట్లించకుండా. "కొనుక్కునేది నా పెండ్లాం."

గుడి గుడంతా నవ్వింది. ఆడవాళ్ల వరసలోంచి జ్ఞానమ్మ కొంగు సర్దుకుంటూ లేచి, "పాడుత తియ్యి. ఇంకెవ్వడు పాడుతడు గా గడ్డిని?" అంది. అలా పాడుకుని, మోపు ఎత్తుకుని పోయి రాణికి వేసింది.

అప్పటి నుంచి ఏటా అదే ఆట. అదే ప్రశ్న, అదే జవాబు, అదే మనిషి లేవడం. పిల్లలకు కూడా మాటలన్నీ కంఠతా వచ్చు. అయినా ఏటా కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్లు. కిందటి ఏడు మాత్రం ప్రభు కొంచెం కలిపాడు. మోపును ఒంటి చేత్తో గాలిలోకి లేపి, "ఇది మోపా, కొత్తిమీర కట్టా?" అన్నాడు.

"నవ్వు, నవ్వు," అన్నాడు జయరాజ్. "వచ్చే యాడాదికి తెస్త సూడు. రెండు చేతులు పెట్టినా లేపలేవు."

"రాసిస్తవా?"

"ఇంతమంది ఇన్నరు. రాసుడెందుకు?"

గుడిలో అంత నవ్వు నేను చూడడం అదే ఆఖరు.

మొన్న దసరా వెళ్లాక జయరాజ్ మడిని దున్నించాడు. ఎప్పటికంటే ఎక్కువ జాగా, గట్ల దాకా. ఆ పొద్దున పాల కోసం నేనే వాళ్లింటికి పోయాను. అరుగు మీద బేసిన్‌లో బెల్లం నీళ్లు కలిపి, అందులో విత్తనం తడిపి, దవాఖానలో ఇచ్చిన నల్లపొడి పట్టిస్తున్నాడు. ఆ పొడి పట్టిస్తే వేరు గట్టిపడుతుందట. మోచేతుల దాకా బెల్లమే, చుట్టూ ఈగలు.

"ఫ్యాక్టరీ పోయింది గని తీపి నా చేతులు ఇడుస్తలేదు టీచరమ్మా," అన్నాడు.

"గా చేతులతోటి నన్ను ముట్టకు," అంది జ్ఞానమ్మ లోపలి నుంచి.

"నిన్నెందుకు ముడుత? నువ్వు గీ విత్తనంలెక్క మొలుస్తవా?"

నేనక్కడ ఉన్నానని కూడా చూసుకోలేదు ఇద్దరూ. అరవై దగ్గరపడుతున్న మొగుడూ పెళ్లాలు.

విత్తనం మొలిచింది. చిన్న చిన్న మూడాకులు విప్పుకుంది. ఆ వారంలోనే ఒక పొద్దున కాలువ గట్టు మీద జయరాజ్ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. ఆటోలో బోధన్‌కు, బోధన్ నుంచి నిజామాబాద్‌కు తీసుకుపోయారు. పొద్దు గూకకముందే తెల్లబట్ట కప్పి తెచ్చారు. గుడి వెనక సమాధుల తోటలో పెట్టారు. ఇందల్వాయిలో ఇచ్చిన కూతురు ప్రిస్కిల్లా వచ్చి కొన్నాళ్లు ఉంది. "నా ఎంబడి రా అమ్మా, బర్రెను ఎవరికన్న ఇచ్చేద్దాం," అని బతిమాలింది. జ్ఞానమ్మ ఒకే మాట అంది: "పండుగకు మోపు ఇచ్చి వస్త. మీ బాపు మాటిచ్చిండు."

అంతే. ఆమె పట్టుకున్నది ఆ ఒక్కటే. ఆయన చల్లిన గడ్డి, ఆయన చెప్పినంత మోపు, ప్రభు రెండు చేతులు పెట్టినా లేవనంత. కోత పండుగ దాకా గడ్డి బతికితే చాలు.

అంతలో పండుగ వెనక్కు జరిగింది. గుడి పాత రేకులు తీసేసి స్లాబు వేస్తున్నారు, పని అనుకున్నట్టు సాగలేదు. క్రిస్మస్ షామియానా కిందే చేసుకుని, కోత పండుగ మాత్రం స్లాబు అయ్యాక జనవరి చివర పెట్టుకుందామని పెద్దలు అనుకున్నారు. వడ్లు పండించినవాళ్లకు ఇబ్బంది లేదు, ఒక బస్తా పక్కన పెట్టుకుంటే సరి. పసుపు కొమ్ములకైనా అంతే. గడ్డిని పక్కన పెట్టేది ఎట్లా?

డిసెంబర్ మొదట్లో బర్సీం మోకాళ్ల దాకా వచ్చింది. కోతకు వచ్చేసింది. కోయలేదు జ్ఞానమ్మ.

పక్క పొలం వీరరాఘవయ్యది. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్నాడు. వీరరాఘవయ్య ఇక్కడే పుట్టాడు, యాస మాత్రం తాత దగ్గర ఉన్నట్టే ఉంది. ఆయనకూ నాలుగు గేదెలున్నాయి, ఆయనా బర్సీం వేస్తాడు. ఒక సాయంత్రం నేను గట్టు మీద నడవడానికి పోతే ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"ఏమ్మా జ్ఞానమ్మా, ఇదేమన్నా వరా, కంకి వేసేదాకా చూడ్డానికి? ఇది కోస్తేనే బతుకుద్ది. కొయ్యకపోతే మీద పడి, అడుగు గాలాడక కుళ్లుద్ది. నాలుగు వేళ్ల మోడు ఉంచి కోసెయ్. చలి ముదరకముందే మళ్లీ చిగురేసుద్ది."

"దేవునిది రాఘవయ్యన్నా. దేవునికి పెట్టకముందు నేనెట్ల ముడుత?"

"పండగంటే జరిపారు, ఆగింది. చలి ఆగుద్దా?"

"ఆగేటట్టు నేను సూస్త."

వీరరాఘవయ్య నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పండి టీచరుగారూ."

నేనేం చెప్తాను? "కోసెయ్యవే," అన్నాను. జ్ఞానమ్మ వినలేదు. తువ్వాల నెత్తికి చుట్టుకుని గట్టు మీద జొన్నకట్టె పాతుతోంది, ఉత్తరం గాలి తగలకుండా.

కొత్తగా వచ్చిన అయ్యగారు కూడా ఇంటికి వచ్చి చెప్పాడట. చిన్నవయసువాడు, నిజామాబాద్ టౌనులో పెరిగినవాడు, మంచివాడు. "కోసుకో అమ్మా, దేవుడు ఏమనుకోడు," అన్నాడట.

"దేవుడు ఏమనుకోడు అయ్యగారూ," అందట జ్ఞానమ్మ గోడ మీది ఫోటో చూపించి. "ఆయన అనుకుంటడు."

"పోనీ, ఒక మోపు కోసి ఇయ్యి. ఇప్పుడే గుడిలో పెట్టి ప్రార్థన చేస్తా. మిగతాది బర్రెకు వేసుకో."

"ఎవ్వరు లేని గుడిల పెడితే, ప్రభు ఎట్ల లేపుతడు?"

అయ్యగారికి ఆ మాట అర్థం కాలేదు. ఆయన కిందటి ఏడు ఇక్కడ లేడు కదా.

మీకు మా దిక్కు చలి తెలియకపోవచ్చు. చెరుకు, వరి, కాలువ నీళ్లు, అన్నీ తడే. డిసెంబర్ సగం దాటితే పొద్దున ఎదురుగా వచ్చే మనిషి దగ్గు వినిపించాకే మనిషి కనిపిస్తాడు. ఆ చలికి బర్సీం ఆకు అంచులు కాలినట్టు ఎర్రబడతాయి. జ్ఞానమ్మ చేయని పని లేదు. పొద్దు గూకేముందు మడికి పలచగా తడి ఇచ్చేది, నేల తడిగా ఉంటే వేరుకు చలి తగలదని. వీరరాఘవయ్య తోటలో చెరుకు నరికాక మిగిలిన ఎండాకు తెచ్చి, తెల్లవారకముందే గట్ల మీద పొగ పెట్టేది. మంట రాకుండా పైన పచ్చాకు వేసి, పొగ మడి మీద దుప్పటిలా పరుచుకునేదాకా అక్కడే దగ్గుతూ కూర్చునేది. ఇవన్నీ జయరాజ్ చేసేవే. ఆమె కొత్తగా చేసినదీ ఒకటుంది. మడికి ఉత్తరం వైపు పాత చీరలు, గోనెసంచులు కప్పింది. అందులో జయరాజ్ కప్పుకునే గళ్ల చెద్దరు కూడా ఉంది.

"అదెందుకే, మంచులో తడిసి ఖరాబైతది," అన్నాను.

"ఆయనకు ఇప్పుడు చలి పెడుతదా టీచరమ్మా? గడ్డికి పెడుతది."



రాణికి మాత్రం ఎండు వరిగడ్డే. ఎదురుగా మడి నిండా పచ్చగడ్డి, ఆ వాసన కొట్టానికి తగులుతూనే ఉంటుంది, ముందు మాత్రం ఎండుపోచలు. పాలు తగ్గాయి. జ్ఞానమ్మ ముందు ఒక ఇంటికి పోయడం మానేసింది, తర్వాత ఇంకో ఇంటికి. క్రిస్మస్‌కు కాస్త ముందు మా గుమ్మం దగ్గరకు వచ్చి, ఖాళీ క్యాన్ పైట చాటున పెట్టుకుని, "రేపటి సంది పాకెట్ తెచ్చుకోండ్రి టీచరమ్మా," అంది. క్యాన్ దాచడం ఎందుకో నాకు తెలియదు. సిగ్గేమో.

అదే వారంలో ఒక పొద్దున కొట్టం వైపు నుంచి అరుపు వినిపించింది. నేను పోయేసరికి రాణి తలుగు తెంపుకుని మడిలో ఉంది. దక్షిణం మూల, ఒక మంచమంత జాగా నేల దాకా మేసేసింది. జ్ఞానమ్మ చేతిలో చెరుకుగడ. కొడుతోంది. బర్రె వీపు మీద, మెడ మీద, ముట్టె మీద కూడా. అది పారిపోలేదు. దెబ్బ పడుతుంటే కూడా నోట్లోది నములుతూనే ఉంది.

"ఇడువు, ఇడువు జ్ఞానమ్మా! సస్తది!"

"సావనీ! దేవుని నోట్లెది గుంజుకున్నది! ఆయన నోట్లెది గుంజుకున్నది!"

గడ విరిగాక ఆగింది. విరిగిన ముక్కను అట్లాగే పట్టుకుని మడి గట్టు మీద కూలబడింది. జయరాజ్‌ను మట్టిలో పెట్టినరోజు ఆమె ఏడవలేదు, అందరూ అదే మాట్లాడుకున్నారు. ఆ రోజు కూడా ఏడవలేదు. మేసిన మూల వైపు చూస్తూ కూర్చుంది. "ఖరాబు చేసింది, మొత్తం ఖరాబు చేసింది," అని మాత్రం అంటోంది.

తర్వాత నుంచి రాణి ఆమె చెయ్యి చాపితే మెడ వెనక్కు లాక్కునేది. పాలు పితకడానికి కూడా కూర్చోనిచ్చేది కాదు.

జనవరిలో గడ్డి తన బరువుకు తనే పడిపోయింది. పైనుంచి చూస్తే పచ్చగానే ఉంది, పరుపులా. జ్ఞానమ్మ అప్పటికీ సాయంత్రం తడి ఇస్తూనే ఉంది, పొద్దున పొగ పెడుతూనే ఉంది, చీరలు కప్పుతూనే ఉంది. ఒకరోజు నేను గట్టు మీద నిలబడి ఉండగా వంగి ఆ పరుపును చేత్తో పైకి లేపింది. కింద తెల్లటి బూజు. కాడలు పసుపుపచ్చగా మెత్తబడి ఉన్నాయి. పట్టుకుని లాగితే లాగినట్టు రాలేదు, చేతిలో జారిపోయాయి. వాసన వచ్చింది, మురిగిన కూర వాసన. ఆమె ఇంకోచోట లేపింది. అక్కడా అంతే. చెద్దరు తీసి చూసింది. దాని కింద అన్నిటికంటే ఎక్కువ నల్లబడింది.

గడ్డి మొత్తం చచ్చిపోయిందని నేననుకున్నాను. అంతలో ఆమె మడి చివరకు నడిచింది. దక్షిణం మూల, రాణి మేసిన జాగా. అక్కడ లేత చిగురు. జానెడు ఎత్తు, మూడేసి ఆకులతో, నీటిబొట్లతో. మడి మొత్తంలో పచ్చగా, నిటారుగా నిలబడిన గడ్డి అదొక్కటే.

వంగి చూసింది జ్ఞానమ్మ. కొడవలి తేలేదు.

"గిది బర్రె ఎంగిలి కదా టీచరమ్మా," అంది.

నేనూ పోయి ఆమె పక్కన వంగి చూశాను.

"దేవునికి పెట్టే వరకు ముట్టొద్దని మొత్తం సంపుకున్న. ముట్టిందే బతికింది. ఇప్పుడు ఎంగిలిది దేవునికి పెడుదునా? ఏం పెట్టకుంట ఉందునా?"

"అయ్యగారిని అడుగు."

"ఆయనకు గడ్డి సంగతి తెల్వది."

కొత్త స్లాబు కింద కోత పండుగ వచ్చింది. గోడలకింకా సున్నం వేయలేదు, సిమెంటు వాసన. పెద్దవాళ్లు, పిల్లలు, వడ్లు, అరటిగెలలు, కోళ్లు. నేను గుమ్మడికాయల పక్కనే కూర్చున్నాను గానీ ఆ రోజు నా కళ్లు వాటి మీద లేవు. జ్ఞానమ్మ అందరికంటే చివర వచ్చింది. నెత్తిమీద ఏం లేదు. ఒక చిన్న కట్ట చంకలో పెట్టుకుని, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చింది. దేవుడి ముందు అన్నిటి వెనక పెట్టి, ఆడవాళ్లలో కూర్చుంది.

హర్రాజులో దాని వంతు వచ్చింది. ప్రభు ఆ కట్టను చూసి గొంతు తగ్గించాడు. "మన జయరాజన్న పేరు మీద..." అని మొదలుపెట్టాడు. వెంటనే ఒకాయన ఒక ధర పాడాడు. ఆ వెంటే ఇంకొకాయన. ఎప్పుడూ ఒక్కరూ పాడని గడ్డికి అటూ ఇటూ చేతులు లేస్తున్నాయి. అందరి తలలూ వంగి ఉన్నాయి. కోళ్లు తప్ప ఎవరూ గొంతెత్తడం లేదు.

జ్ఞానమ్మ లేచింది.

"ఏంది ప్రభన్నా, ఇది హర్రాజా, దినమా? ఎప్పటి మాట అనవా?"

ప్రభు తల తిప్పుకున్నాడు. పక్కనున్న వాళ్లు అతని భుజం తట్టారు. గొంతు సవరించుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"ఏంది జయరాజన్నా... దేవునికి బర్రె ఉన్నదా?"

మగవాళ్ల వరసలో జయరాజ్ నిలబడే చోటు స్తంభం పక్కన. ఎవరూ వద్దనలేదు గానీ ఆ రోజు ఎవరూ అక్కడ నిలబడలేదు. జవాబు రావాల్సిన చోట జవాబు రాలేదు. పిల్లలకు ఆ మాటలన్నీ వచ్చు అన్నాను కదా, ఒక్క పిల్లా పలకలేదు. జ్ఞానమ్మ నోరు తెరిచింది. ఆయన జవాబు ఆమె చెబుతుందని అనుకున్నాను.

"గడ్డి దేవునిది కాదన్నా," అంది. "అబద్ధం ఎందుకు, గుడిల నిలబడి. ముందుగాల బర్రె తిన్నది. దీని కోసం ఎంత కొట్టిన్నో దాన్ని. కోస్తె బతికేదాన్ని కోయకుంట మొత్తం కుళ్లబెట్టిన. మిగిలింది గీ ఎంగిలే. మీకు దోషమనిపిస్తే పక్కకు పెట్టుండ్రి. ఆయన మాటిచ్చిండు, అందుకే తెచ్చిన."

అయ్యగారు లేచి ఏదో చెప్పబోయాడు. అప్పటికే ప్రభు వంగాడు. ఆ కట్టకు ఒక చెయ్యి చాలు, రెండు వేళ్లు చాలు. అతను రెండు చేతులూ పెట్టాడు. కాళ్లు ఎడంగా పెట్టుకుని, పళ్లు బిగించి లేపబోయాడు. మెడ నరాలు తేలాయి. లేపలేకపోయాడు. ఇంకోసారి పట్టాడు. మళ్లీ వదిలాడు.

"లేస్తలేదక్కా," అన్నాడు. "జయరాజన్న గెలిచిండు."

ముందు ఒక ముసలావిడ నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత పిల్లలు. తర్వాత గుడి గుడంతా. కిందటి ఏటి నవ్వు కాదది, మధ్యమధ్య ముక్కులు ఎగబీల్చుకున్న నవ్వు. జ్ఞానమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే సిమెంటు నేల మీద కూర్చుని, చేతుల్లో మొహం పెట్టుకుంది. అన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. నేనూ పోయాను. నా చెయ్యి ఆమె వీపు మీద ఉంది, అది ఎగిరెగిరి పడుతోంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "పాడుత తియ్యి. ఇంకెవ్వడు పాడుతడు గా గడ్డిని?" అంది.

ఎవరూ పోటీకి రాలేదు.

ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం. గుమ్మడికాయ కొనడం మరిచిపోయానని సగం దారిలో గుర్తొచ్చింది. కాలువ దగ్గరికి వచ్చాక అడిగింది.

"ఆయన గడ్డిని నేనే సంపిన కదా?"

"చలే, చలి ఎక్కువుండె ఈసారి," అన్నాను.

"చలి కాదు టీచరమ్మా."

ఆమె వెంట కొట్టం దాకా పోయాను.

కొట్టంలో రాణి మమ్మల్ని చూసి మెడ వెనక్కు తీసుకుంది. జ్ఞానమ్మ దగ్గరకు పోలేదు. దూరంగా నేల మీద కూర్చుని, కట్ట విప్పి, గడ్డిని అరచేతిలో పట్టుకుని చాపింది. బర్రె కదల్లేదు. ముట్టె మీద దెబ్బ మానిన చోట వెంట్రుక ఇంకా రాలేదు. వాసన చూసింది. ఒక అడుగు వేసి ఆగింది.

"తిను," అంది జ్ఞానమ్మ. "ముందుగాల నువ్వే తిన్నవు. నువ్వే తిను."

వెలుతురు తగ్గేదాకా ఆ చెయ్యి అట్లాగే చాపి ఉంది. చివరికి రాణి మెడ చాపి, వేళ్లు తగలకుండా, గడ్డి చివరలు మాత్రం అందుకుంది.